అమెరికాలో గాయాల కేసు: సాక్షుల పేర్లు ఎప్పుడు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

కారు ప్రమాదమో, స్టోర్‌లో జారిపడటమో జరిగి అమెరికాలో కేసు వేశాక, కొన్ని వారాలకు మీ లాయర్ ఆఫీసు నుంచి ఒక ఫారం వస్తుంది. ప్రమాదం గురించి, మీ గాయాల గురించి తెలిసినవాళ్లందరి పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు రాయమంటారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. పక్కింటాయన్ని కోర్టు గొడవలోకి లాగడం ఎందుకని కొందరికి మొహమాటం. గట్టి సాక్షిని ఎదుటివాళ్లకు ముందే చూపిస్తే దెబ్బతింటామేమోనని కొందరికి భయం. ప్రమాదం చూసిన అమ్మానాన్నలు ఇండియా వెళ్లిపోయారు, వాళ్ల పేర్లు రాయాలా వద్దా అని ఇంకొందరికి సందేహం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేరు దాచుకోవడం వల్ల కలిసొచ్చేది చాలా తక్కువ. పోగొట్టుకునేది మాత్రం ఒక్కోసారి మొత్తం కేసే. నిజంగా జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి: సాక్షి చెప్పిన మాటను ఎవరు, ఎలా రికార్డు చేశారు, డాక్టర్‌ను ఏ హోదాలో చూపించారు, పేరు పక్కన ఏం రాశారు. ఈ వ్యాసం నిడివి ఎక్కువగా వీటికే పోయింది.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

అన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: ట్రయల్ రోజున ఈ మనిషితో సాక్ష్యం చెప్పించగలమా? ఫెడరల్ (కేంద్ర) కోర్టుల్లో సివిల్ కేసుల నియమాల్లోని రూల్ 37 ప్రకారం, చెప్పాల్సిన సమయంలో పేరు చెప్పని సాక్షిని తర్వాత వాడుకోనివ్వరు. ఆలస్యానికి సరైన కారణం ఉందనో, దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదనో మీరు చూపించుకోగలిగితేనే మినహాయింపు. చాలా రాష్ట్రాల్లోనూ ఇలాంటి రూలే ఉంది. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

రెండోది ఖర్చు. జాబితాలో ఉన్న ఎవరినైనా ఎదుటి లాయర్ డిపోజిషన్‌కు, అంటే ట్రయల్‌కు ముందే ప్రమాణం చేయించి ప్రశ్నలడిగి జవాబులు రికార్డు చేసే విచారణకు, పిలవొచ్చు. ఫెడరల్ రూల్స్‌లో ఒక్కో పక్షానికి 10 డిపోజిషన్లు, ఒక్కొక్కటి ఒక రోజులో 7 గంటలు అన్నది మామూలు పరిమితి. ప్రతి దానికీ మీ లాయర్ సిద్ధమై వెళ్లాలి, ట్రాన్‌స్క్రిప్ట్ కొనాలి. గెలిస్తేనే ఫీజు అన్న ఒప్పందం మీద నడిచే కేసుల్లో కూడా ఈ ఖర్చులు సాధారణంగా సెటిల్‌మెంట్ డబ్బులోంచే మినహాయించుకుంటారు. అందుకని ఉన్న పేర్లన్నీ కుమ్మరించడం కూడా మంచిది కాదు.

మూడోది సెటిల్‌మెంట్. ఎక్కువ శాతం గాయాల కేసులు ట్రయల్ దాకా వెళ్లవు, మధ్యలోనే రాజీ అవుతాయి. ఆ రాజీ మొత్తం ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్ (ఎంత ఇవ్వాలో లెక్కకట్టే ఉద్యోగి) తన ఫైల్లో ఏం చూస్తాడన్న దాన్ని బట్టి ఉంటుంది. తనకు తెలియని సాక్షికి అతను ఒక్క డాలరు కూడా కలపడు. ట్రయల్‌లో అందరినీ ఆశ్చర్యపరుద్దామని గట్టి సాక్షిని దాచుకునేవాళ్లు మర్చిపోయేది ఇదే.

నాలుగోది ఆ సాక్షి క్షేమం. అతని ఉద్యోగం, వీసా, ఇంటి అడ్రసు బయటపడటం మీద భయాలు నిజమైనవే. కానీ వాటికి పేరు దాచడం కాకుండా వేరే మందులున్నాయి. వాటి గురించి కింద చెబుతాను.

## పేరు వేరు, వాంగ్మూలం వేరు

ఈ తేడా అర్థమైతే సగం టెన్షన్ తగ్గిపోతుంది. అమెరికా చట్టంలో దీనికి మూలం కూడా ఒక ప్రమాదం కేసే.

1943 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా దగ్గర డెలావేర్ నదిలో జె.ఎం. టేలర్ అనే టగ్ బోటు మునిగిపోయింది. తొమ్మిది మంది సిబ్బందిలో ఐదుగురు చనిపోయారు. బోటు యజమానులు వెంటనే లాయర్‌ను పెట్టుకున్నారు. ఆ లాయర్ బతికి బయటపడ్డ నలుగురితో మాట్లాడి, సంతకాలతో వాంగ్మూలాలు తీసుకున్నాడు. చనిపోయిన ఒక నావికుడి తరఫున కేసు వేసినవాళ్లు ఆ కాగితాలు ఇమ్మని అడిగారు. 1947లో హిక్‌మన్ వర్సెస్ టేలర్ తీర్పులో సుప్రీంకోర్టు ఇవ్వక్కర్లేదని చెప్పింది. సాక్షులెవరో మీకూ తెలుసు, వాళ్లను మీరే అడిగి తెలుసుకోవచ్చు, ఎదుటి లాయర్ శ్రమపడి సిద్ధం చేసుకున్న కాగితాలు మాత్రం సరైన అవసరం చూపకుండా అడగొద్దు అన్నది ఆ తీర్పు సారం.

అంటే వాస్తవాలకు, అవి తెలిసిన మనుషుల పేర్లకు దాపరికం లేదు. లాయర్ చేసిన పనికి రక్షణ ఉంది. ఈ రక్షణే తర్వాత రూల్ 26లోకి వచ్చింది. అది కూడా పూర్తి రక్షణ కాదు. సాక్షి చనిపోయినా, మళ్లీ దొరికే వీలు లేకపోయినా కోర్టు ఆ వాంగ్మూలం ఇప్పించవచ్చు. సాక్షి తన వాంగ్మూలం కాపీ తానే అడిగితే ఇవ్వాల్సిందే.

సాక్షుల పేర్లు అడిగే హక్కు ఎంతగా పాతుకుపోయిందంటే, ఫెడరల్ రూల్ 26లో ఆ మేరకు ఉన్న వాక్యాన్ని 2015లో తీసేశారు. హక్కు పోయి కాదు, ఇది ఎలాగూ అందరూ పాటిస్తున్నదే కాబట్టి ప్రత్యేకంగా రాయక్కర్లేదని.

## ముందు ఇది చూసుకోండి: కేసు ఏ కోర్టులో ఉంది?

ఒక రాష్ట్రంలో ఉన్న ఫ్రెండ్ చెప్పిన సలహా మీ రాష్ట్రంలో మిమ్మల్ని ముంచొచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఉండే మూడు రాష్ట్రాలతో ఫెడరల్ కోర్టును పోల్చి చూడండి.

| కోర్టు | పేర్లు ఎప్పుడు ఇవ్వాలి | ఎవరి పేర్లు | సాక్షి వాంగ్మూలం సంగతి |
|---|---|---|---|
| ఫెడరల్ | లాయర్ల తొలి సమావేశం జరిగిన 14 రోజుల్లో, అడగకపోయినా | మీ వాదనకు మద్దతుగా మీరు వాడుకునే అవకాశం ఉన్నవాళ్లు | కేసు కోసం తీసుకున్నదైతే మామూలుగా రక్షణ ఉంటుంది |
| టెక్సస్ | కేసుకు ఎదుటివాళ్ల మొదటి జవాబు దాఖలైన 30 రోజుల్లో, అడగకపోయినా (2021 నుంచి) | సంగతి తెలిసినవాళ్లందరూ, మీకు వ్యతిరేకంగా చెప్పేవాళ్లతో సహా | సంతకం చేసినదైనా, రికార్డు చేసినదైనా ఇవ్వాలి |
| కాలిఫోర్నియా | ప్రశ్నావళి అందిన 30 రోజుల్లో. 2024 నుంచి వేసిన కేసుల్లో ఎదుటివాళ్లు తొలి సమాచారం కోరితే 60 రోజుల్లో | చూసినవాళ్లు, అక్కడ ఏదైనా అన్నవాళ్లు, ఆ మాటలు విన్నవాళ్లు | లాయరో, లాయర్ పంపిన మనిషో తీసుకుంటే రక్షణ |
| న్యూయార్క్ | ఎదుటివాళ్లు అడిగినప్పుడు, లేదా కోర్టు ప్రిలిమినరీ కాన్ఫరెన్స్ ఆర్డర్‌లో చెప్పిన తేదీకి | ముఖ్యంగా ప్రత్యక్ష సాక్షులు | కేసు కోసం తయారుచేసినదైతే మామూలుగా రక్షణ ఉంటుంది |

తేదీలు కోర్టు ఆర్డర్‌తో మారుతుంటాయి. మీ కేసులో వచ్చిన షెడ్యూలింగ్ ఆర్డర్ ఏం చెబితే అదే లెక్క.

టెక్సస్ వరుసను ఇంకోసారి చదవండి. అక్కడ సాక్షి చేత సంతకం పెట్టించుకున్న కాగితం గానీ, ఫోన్‌లో రికార్డు చేసిన మాట గానీ, అది ఎప్పుడు తీసుకున్నదైనా సరే, ఎదుటివాళ్లకు ఇవ్వాల్సిందే. అదే లాయర్ సాక్షితో మాట్లాడుతూ రాసుకున్న నోట్స్ ఆ లెక్కలోకి రావు. కాబట్టి డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ప్రమాదం జరిగితే, మీ అంతట మీరు సాక్షులందరి దగ్గరకీ వెళ్లి ఫోన్‌లో రికార్డు చేసుకోకండి. వాళ్ల పేరు, నంబరు తీసుకుని లాయర్‌కు ఇవ్వండి. మాట్లాడటం ఎలాగో ఆయన చూసుకుంటారు.

కాలిఫోర్నియాలో 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు దీనికి దాదాపు ఎదురు దారి పట్టింది. లాయర్ పంపిన పరిశోధకుడు రికార్డు చేసిన సాక్షి మాటలకు రక్షణ ఉందని చెప్పింది. ఎవరెవరి దగ్గర వాంగ్మూలం తీసుకున్నారన్న జాబితా మాత్రం సాధారణంగా చెప్పాల్సి ఉంటుంది.

ఇక్కడే ఇంకో సంగతి. మీరు రాష్ట్ర కోర్టులో వేసిన కేసు ఫెడరల్ కోర్టుకు మారిపోవచ్చు. మీరు ఇంకా భారత పౌరులై ఉండి, ఎదుటి కంపెనీ వేరే రాష్ట్రానిదై, మీరు అడిగే మొత్తం 75,000 డాలర్లు దాటితే, ఆ కంపెనీ కేసును ఫెడరల్ కోర్టుకు తీసుకెళ్లే అవకాశం ఉంటుంది. మీరు గ్రీన్ కార్డు మీద ఉంటే లెక్క కొంచెం మారుతుంది. కేసు మారిన రోజునే సాక్షుల తేదీలు కూడా మారతాయి. ఆ విషయం లాయర్‌ను గుర్తుపెట్టుకుని అడగండి.

## నాలుగు దారులు

మొదటి దారి: తెలిసినవాళ్లందరి పేర్లూ మొదట్లోనే ఇవ్వడం. టెక్సస్‌లో వేరే దారే లేదు. మిగతా చోట్ల ఇది మీ ఇష్టం. సాక్షిని కోర్టు వద్దనే ప్రమాదం దాదాపు ఉండదు, అడ్జస్టర్ కూడా మీ కేసును సీరియస్‌గా తీసుకుంటాడు. ఇబ్బంది ఎక్కడంటే, ఏమీ చూడని నలభై మంది పేర్లు రాస్తే అసలు సాక్షులు ముగ్గురూ ఆ గుంపులో కలిసిపోతారు. ముఖ్యమైన పేరును కావాలనే గుంపులో దాచారని ఎదుటి లాయర్ గొడవ చేస్తే జడ్జి వినే అవకాశం ఉంది. ఫలానా వాళ్లకు తెలిసింది చెప్పడానికి రెండు వాక్యాలు కూడా రాయలేకపోతున్నారంటే ఆ పేరు జాబితాలో అక్కర్లేదన్నమాట.

రెండో దారి: వాడుకునే అవకాశం ఉన్నవాళ్ల పేర్లే ఇవ్వడం. ఫెడరల్ రూల్ కనీసం అడిగేది ఇంతే. 1993లో ఈ రూల్ వచ్చినప్పుడు పరిధి ఇంకా పెద్దదిగా ఉండేది. 2000లో దాన్ని ‘మీకు మద్దతుగా వాడుకునే అవకాశం ఉన్న’ సాక్షులకు కుదించారు. అంటే తప్పు మీదేనని చెప్పే సాక్షిని మీ అంతట మీరు తొలి జాబితాలో పెట్టక్కర్లేదు. అయితే ఎదుటివాళ్లు రాతపూర్వకంగా ప్రశ్న వేసి, ‘ప్రమాదం చూసినవాళ్లందరి పేర్లు చెప్పండి’ అంటే, ఆ పేరు కూడా చెప్పాల్సిందే. అక్కడ దాస్తే అది ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం అవుతుంది.

ఫెడరల్ కేసుల్లో ఎక్కువమందికి నేను సూచించేది ఈ దారినే. ఒక్క సవరణతో: ‘అవకాశం’ అన్న మాటను ఉదారంగా చదువుకోండి. పిలుస్తామో లేదో ఇప్పుడే తేలనివాళ్లను కూడా చేర్చండి. పేరు ఇచ్చినంత మాత్రాన ఆ మనిషిని ట్రయల్‌కు పిలవాలన్న నిబంధన ఏమీ లేదు.

మూడో దారి: అడిగితేనే చెప్పడం. న్యూయార్క్‌లాంటి చోట ఇది మామూలు పద్ధతి. ఫెడరల్ కోర్టులో, టెక్సస్‌లో ఇది తప్పు, ఎందుకంటే అక్కడ అడగకపోయినా చెప్పాలి. ఈ దారిలో ఉన్న బలహీనత, అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబును తర్వాత ఎవరూ పట్టించుకోకపోవడం. ఆరు నెలల తర్వాత కొత్త సాక్షి దొరుకుతాడు, పాత జవాబు అలాగే ఉండిపోతుంది. ఫెడరల్ రూల్స్‌లో పాత జవాబును సకాలంలో సరిచేసే బాధ్యత మీదే. కాలిఫోర్నియాలో ఎదుటివాళ్లు మళ్లీ అడగాల్సి వస్తుంది. ఏ రాష్ట్రమైనా సరే, కొత్త పేరు తెలిసిన రోజే లాయర్‌కు ఈమెయిల్ పెట్టడం అలవాటు చేసుకోండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

నాలుగో దారి: ఎదుటి సాక్షి అబద్ధాన్ని బయటపెట్టడానికని దాచి ఉంచడం. కేవలం ఎదుటివాళ్ల విశ్వసనీయతను దెబ్బతీయడానికే వాడే సాక్షి పేరు ముందే చెప్పక్కర్లేదని ఫెడరల్ రూల్ ఒప్పుకుంటుంది. సినిమాల్లో చూసే నాటకీయత అంతా ఈ సందు దగ్గరే ఉంది. కానీ ఈ సందు చాలా ఇరుకు. ‘కేవలం’ అన్న మాటను కోర్టులు గట్టిగా పట్టుకుంటాయి.

1993లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చూసిన ఒక కేసులో, గాయపడిన ఓడ ఉద్యోగిని రహస్యంగా వీడియో తీసిన కంపెనీ, ఆమె అబద్ధాన్ని బయటపెట్టడానికేనంటూ ఆ వీడియోను ట్రయల్ వరకు దాచింది. ఆమె ఏ పనులు చేయగలదో, నొప్పి ఎంతుందో తేల్చే సాక్ష్యం అది, అసలు విషయానికే సంబంధించింది, ముందే చూపించాల్సింది అని అప్పీళ్ల కోర్టు కింది కోర్టు తీర్పును కొట్టేసింది. దాచినవాళ్లు కంపెనీవాళ్లు. కానీ అదే సూత్రం మీకూ వర్తిస్తుంది. సిగ్నల్ ఎర్రగా ఉందని చెప్పే సాక్షి ఎదుటి డ్రైవర్ అబద్ధాన్ని బయటపెడతాడన్నది నిజమే, కానీ తప్పెవరిదో కూడా అతనే తేలుస్తాడు. అలాంటివాణ్ణి ఈ సందులో దాచలేరు. గాయాల కేసు వేసిన పక్షానికి ఈ నాలుగో దారి దాదాపు ఎప్పుడూ పనికిరాదు.

## పేరు పక్కన ఏం రాయాలి

జాబితాలో పేరు ఉండీ సాక్షిని పోగొట్టుకునే కేసులు కూడా ఉంటాయి. అతనికి ఏ విషయం తెలుసో సరిగా రాయకపోవడం వల్ల. ఊహించిన ఒక ఉదాహరణ తీసుకోండి. సూపర్‌మార్కెట్‌లో నీళ్ల మీద కాలు జారి పడ్డ మహిళ కేసులో, ఆ వరుసలోనే సామాను కొంటున్న ఇంకో కస్టమర్ సాక్షి.

పనికిరాని వివరణ: ‘ఈమెకు ప్రమాదం గురించి, నష్టాల గురించి తెలుసు.’

పనికొచ్చే వివరణ: ‘వాది పడటానికి సుమారు పావుగంట ముందు ఈమె అదే వరుసలో నేల మీద నీళ్లు చూశారు. ఫ్రీజర్ కిందనుంచి నీళ్లు కారుతున్నాయని యూనిఫాంలో ఉన్న ఒక ఉద్యోగికి చెప్పారు. హెచ్చరిక బోర్డు లేకపోవడం, వాది పడిన తీరు, పడ్డాక కుడి మోకాలు కదపలేకపోవడం ఈమె చూశారు.’

రెండో దానిలో ‘పావుగంట ముందు’ అన్న మాట బంగారం. నీళ్లు ఉన్నాయని స్టోర్‌కు తెలుసు, లేదా తెలిసి ఉండాలి అన్నదే ఇలాంటి కేసులకు ఆయువుపట్టు. దాన్ని సూటిగా రాశాక, ట్రయల్‌లో ఆమె ఆ మాట చెప్పబోతే ‘ఈ విషయం మాకు ముందు చెప్పలేదు’ అని ఎవరూ అడ్డుపడలేరు. అడ్జస్టర్ చదివినప్పుడు కూడా ఆ వాక్యం దగ్గర ఆగుతాడు. అలాగని సాక్షి వాడిన మాటలన్నీ అక్కడ దించక్కర్లేదు. విషయాలు రాయండి, వాంగ్మూలం రాయకండి.

గాయానికి ముందు, తర్వాత మీ జీవితం ఎలా ఉందో చెప్పే సాక్షులకూ ఇదే వర్తిస్తుంది. వీళ్లను ఎంచుకునేటప్పుడు భార్య, భర్త, అన్నదమ్ములతో జాబితా నింపేస్తుంటారు. జ్యూరీ వాళ్లను నమ్మదని కాదు, కానీ రోజూ మీ పక్క సీట్లో పనిచేసే సహోద్యోగి ‘ఇదివరకు మెట్లెక్కి వచ్చేవాడు, ఇప్పుడు మీటింగ్ మధ్యలో లేచి నిలబడుతున్నాడు’ అంటే దానికి ఉండే బరువు వేరు. ఇంట్లోవాళ్లు ఒకరు, బయటివాళ్లు ఇద్దరు చాలు. అందరూ ఒకే మాట చెప్పే సాక్షులను జడ్జి కుదించమంటారు.

## డాక్టర్లు: అసలు చిక్కు ఇక్కడే

రోడ్డు మీద చూసినవాళ్ల కంటే డాక్టర్ల పేర్ల దగ్గరే ఎక్కువ కేసులు దెబ్బతింటాయి. మెడికల్ రికార్డులు ఇచ్చేశాం కదా, డాక్టర్ పేరు అందులోనే ఉంది కదా అనుకుంటారు. ఫెడరల్ కోర్టుల్లో అది సరిపోదు. నిపుణుడి హోదాలో అభిప్రాయం చెప్పే ప్రతి ఒక్కరినీ విడిగా ప్రకటించాలి. కోర్టు వేరే తేదీ పెట్టకపోతే ట్రయల్‌కు 90 రోజుల ముందు.

| డాక్టర్ హోదా | ఏం ఇవ్వాలి | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|
| వైద్యం చేసిన డాక్టర్, తన వైద్యం గురించే చెబుతారు | విషయం, వాస్తవాలు, అభిప్రాయాల సారాంశం | మామూలు గాయం, కారణం మీద పెద్ద తగాదా లేని కేసు |
| వైద్యం చేసిన డాక్టరే, భవిష్యత్తు గురించి, కారణం గురించి కూడా చెబుతారు | పూర్తి రిపోర్టు ఇవ్వడమే సురక్షితం | సర్జరీ, శాశ్వత లోపం ఉన్న కేసు |
| కేసు కోసం పెట్టుకున్న నిపుణుడు | సంతకంతో రిపోర్టు, గత 10 ఏళ్ల రచనలు, గత 4 ఏళ్లలో సాక్ష్యం చెప్పిన కేసులు, ఫీజు వివరాలు | పాత నొప్పా, కొత్త గాయమా అన్న తగాదా ఉన్న కేసు |
| సలహాకు మాత్రమే, ట్రయల్‌కు రారు | మామూలుగా ఏమీ ఇవ్వక్కర్లేదు | కేసు బలం ముందు తెలుసుకోవాలనుకునేవాళ్లు |

మొదటి రెండు వరుసల మధ్య గీత ఎక్కడుందో 2011లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఒక స్టోర్‌లో పడిపోయిన మహిళ కేసులో చెప్పింది. వైద్యం చేస్తున్నప్పుడు డాక్టర్‌కు ఏర్పడిన అభిప్రాయాలకు రిపోర్టు అక్కర్లేదు. తర్వాత లాయర్ అదనపు కాగితాలు ఇచ్చి, వాటి ఆధారంగా కొత్త అభిప్రాయం చెప్పించుకుంటే అప్పుడు పూర్తి రిపోర్టు కావాలి. చూడటానికి చిన్న తేడా. కానీ ‘ఈ నడుం నొప్పి ఈ ప్రమాదం వల్లే వచ్చింది, ఇంకో పదేళ్లలో ఇంకో సర్జరీ కావాలి’ అన్న వాక్యం జ్యూరీ వినాలా వద్దా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

డబ్బు మిగులుతుందని మొదటి హోదాలో వదిలేయడం, కేసు పెద్దదైతే, తప్పు పొదుపు. మీ లాయర్‌ను సూటిగా అడగండి: మన డాక్టర్ కారణం గురించి చెబుతారా, భవిష్యత్తు ఖర్చు గురించి చెబుతారా, ఏ హోదాలో చూపిస్తున్నారు, సారాంశం ఎవరు రాస్తున్నారు? ‘డాక్టర్ గారు మెడికల్ రికార్డుల ప్రకారం సాక్ష్యం చెబుతారు’ అన్న ఒక్క ముక్కను కోర్టులు సారాంశంగా ఒప్పుకోకపోవచ్చు.

న్యూయార్క్‌లో వైద్య నిర్లక్ష్యం కేసులకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ నిపుణుడైన డాక్టర్ పేరు చెప్పకుండా, మిగతా వివరాలన్నీ ఇవ్వొచ్చు. తోటి డాక్టర్ మీద సాక్ష్యం చెప్పేవాళ్ల మీద ఒత్తిడి రాకుండా ఆ ఏర్పాటు. పేరు దాచుకోవడానికి చట్టమే తలుపు తెరిచిన అరుదైన చోటు ఇది, దాన్ని వాడుకోండి.

## మీ పరిస్థితి ఏది?

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ప్రమాదం చూశారు. వాళ్ల పేర్లు తప్పకుండా ఇవ్వండి, ఇండియా అడ్రసుతో సహా. ఇండియాలో ఉన్న భారత పౌరులను అమెరికా కోర్టు సమన్లతో రప్పించలేదు కాబట్టి, వాళ్ల సాక్ష్యం నిలవాలంటే తిరుగు ప్రయాణానికి ముందే డిపోజిషన్ పెట్టించడం ఉత్తమం. ఫెడరల్ కోర్టులో సాక్షి దేశం బయట ఉంటే డిపోజిషన్‌లో చెప్పిన మాటను ట్రయల్‌లో వాడుకోనిస్తారు, వాళ్లు రాకుండా మీరే చేశారని తేలితే తప్ప. ఇంగ్లిష్‌లో తడబడతారనుకుంటే తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని లాయర్‌కు ముందే చెప్పండి. కొడుకో కూతురో అనువదిస్తామంటే ఒప్పుకోరు, అది మీకూ మంచిది కాదు.

అడ్జస్టర్ వాళ్లకు ఫోన్ చేస్తే? లాయర్లు మామూలు సాక్షులను ‘ఎదుటివాళ్లతో మాట్లాడొద్దు’ అని కోరకూడదు. కానీ అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల ప్రకారం, క్లయింటు బంధువులను కోరవచ్చు, దానివల్ల వాళ్లకు నష్టం లేనంత వరకు. కాబట్టి మీ లాయర్ చేతే అమ్మానాన్నలకు ఆ మాట చెప్పించండి.

సాక్షి హెచ్1బి మీద ఉన్న ఫ్రెండ్, లేదా కాగితాలు లేని కార్మికుడు. భయం సహజం. రెండు సంగతులు వాళ్లకు చెప్పండి. ఫెడరల్ కేసుల్లో తొలి జాబితా కోర్టు ఫైల్లోకి వెళ్లదు, ఎదుటి లాయర్‌కే వెళుతుంది. కోర్టు వెబ్‌సైట్‌లో వెంటనే కనిపించదు. ట్రయల్‌కు 30 రోజుల ముందు ఇచ్చే చివరి జాబితా మాత్రం ఫైలవుతుంది. రెండోది, ఇంటి అడ్రసు, వీసా వివరాలు బయటకు పోకుండా ప్రొటెక్టివ్ ఆర్డర్ అడగొచ్చు. కాలిఫోర్నియాలో 2017 నుంచి గాయాల కేసుల్లో ఎవరి ఇమ్మిగ్రేషన్ స్థితి గురించీ డిస్కవరీలో (ట్రయల్‌కు ముందు రెండు పక్షాలూ ఒకరి నుంచి ఒకరు సమాచారం తీసుకునే దశలో) అడగకూడదని చట్టమే ఉంది.

ఉన్నది ఒక్కరే ప్రత్యక్ష సాక్షి. మొదటి రోజే పేరు ఇచ్చి, తొందరగా డిపోజిషన్ పెట్టించండి. మనుషులు ఊళ్లు మారతారు, ఫోన్ నంబర్లు మారతాయి, జ్ఞాపకం పలచబడుతుంది. దాచుకుంటే ఈ సాక్షి ఎదుటివాళ్ల కంటే ముందు మీకే దొరక్కుండా పోతాడు.

సాక్షి ఎదుటి కంపెనీ ఉద్యోగి. పేరు జాబితాలో పెట్టండి, కంపెనీ లాయర్ ద్వారా సంప్రదించాలని రాయొచ్చు. మీరు నేరుగా వెళ్లి మాట్లాడే ముందు మీ లాయర్‌ను అడగండి. ఆ ఉద్యోగి స్థాయిని బట్టి మీ లాయర్ అతనితో నేరుగా మాట్లాడకూడని సందర్భాలు ఉంటాయి, మిమ్మల్ని పంపించి ఆ పని చేయించడం ఆయన్నే చిక్కులో పడేస్తుంది.

## ఇప్పటికే ఆలస్యమైతే

గడువు దాటాక పేరు గుర్తొచ్చినా, సాక్షి దొరికినా, ఆ రోజే అదనపు జాబితా పంపించమని లాయర్‌కు చెప్పండి. ట్రయల్ దగ్గరపడ్డాక చూద్దామని ఆగితే, ప్రతి వారం మీకు వ్యతిరేకంగా లెక్కకొస్తుంది. మినహాయింపు ఇవ్వాలా వద్దా అని ఆలోచించే జడ్జి సాధారణంగా చూసేవి ఇవి: ఎదుటివాళ్లు ఎంత ఆశ్చర్యపోయారు, ఆ లోటును ఇప్పుడు సరిచేయగలరా, ట్రయల్ తేదీ చెదురుతుందా, సాక్ష్యం ఎంత ముఖ్యం, ఆలస్యానికి మీరు చెప్పే కారణం ఏమిటి. కాబట్టి పేరుతో పాటే సాక్షి ఫోన్ నంబరు, డిపోజిషన్‌కు ఖాళీగా ఉన్న తేదీలు, ఆ డిపోజిషన్ ఖర్చు మేమే భరిస్తామన్న మాట కూడా పంపించండి. డిపోజిషన్‌లో ఎవరో ఇప్పటికే ఆ పేరు ఎత్తి ఉంటే ఆ పేజీ నంబరు జతచేయండి. డిస్కవరీలో ముందే బయటపడ్డ విషయాన్ని మళ్లీ ప్రకటించక్కర్లేదని ఫెడరల్ రూల్‌లో వెసులుబాటు ఉంది. పేరు ఎక్కడో ఒకచోట వినపడటం దానికి చాలదని కొందరు జడ్జీలు అంటారు కాబట్టి, ఆ వెసులుబాటును రెండో వాదనగా పెట్టించండి, మొదటిదిగా కాదు.